మిల్లు టైము, మన టైము

ఆ శనివారం ఉదయం ముదలియార్‌పేటలో మా ఇంటి ముందుగదిలో ఉన్న మనుషులు: నాయన, అమ్మ, అక్క, నేను, గోరిమేడు నుంచి వచ్చిన ఒకావిడ. ఉన్న వస్తువులు: రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, కరెంటు పోతే కాసేపు ఆదుకునే యూపీఎస్, కేబుల్ టీవీవాడి నెట్ వైరు వచ్చి చేరే, టిఫిన్ డబ్బా మూతంత స్విచ్చు పెట్టె, అందులోంచి రెండు కంప్యూటర్లకూ పాకిన నీలం కేబుళ్లు, ఆవిడ ఒడిలో మూడేళ్ల పిల్లాడి ఫోటో ఉన్న కవరు, గోడ మీద నాయన గడియారం.

ఆ ముందుగదే అక్క కొట్టు. పెళ్లయి కోసపాళయంలో కాపురం ఉంటున్నా, రోజూ ఉదయం బస్సెక్కి పుట్టింటికి వచ్చి తలుపు తీసేది. పెళ్లి పత్రికలు, చెవులు కుట్టే పండగ పత్రికలు, చావు పోస్టర్లు, ట్యూషన్ సెంటర్ల నోట్సులు టైపు చేసేది. అన్నీ తమిళంలోనే. మా ఇంట్లో మాట తెలుగు, అక్షరం తమిళం. తెలుగు అక్షరాలు నేను చాలా తర్వాత, ఉద్యోగానికని వేరే ఊరు వెళ్లాక, సొంతంగా నేర్చుకున్నాను. అప్పటికి ఇంట్లో ఎవరికీ రావు. అక్క పత్రికను టైపు చేసి మంచి కాగితం మీద ప్రింటు తీసిస్తే, కోసపాళయంలోని ఒక చిన్న ప్రెస్సు దాన్ని వందల్లో అచ్చువేసేది.

రెండు కంప్యూటర్లలో మొదటిది విండోస్‌తో నడిచేది. ప్రింటరు దానికే తగిలించి ఉండేది. రెండోది పాతది. వచ్చినవాళ్లంతా తలా ఒక ఫ్లాపీయో పెన్‌డ్రైవో తెచ్చి అందులోనే దోపేవారు. వాటితోపాటు వైరస్సులూ వచ్చేవి. దానిలో విండోస్ మళ్లీ మళ్లీ ఎక్కించి విసిగిపోయాం. బావ ఒకరోజు దాన్ని కాలితో పక్కకు నెట్టి, "పాత ఇనప సామానోడికి ఏసేయండి, చోటన్నా మిగులుతాది" అన్నాడు.

నేను అప్పుడు ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన, విండోస్ బదులు ఎక్కించుకునే లినక్స్ సీడీ నా దగ్గర ఉంది. వారం రోజులు ఇవ్వమన్నాను. ఏం చేయాలో ముందే తేల్చుకున్నాను. ఒకటి, లినక్స్ ఎక్కిన పాత మిషను కొత్త మిషనును గుర్తుపట్టాలి. రెండు, కొత్త మిషనులో అక్క పత్రికలుండే ఫోల్డరును ఇది తెరవగలగాలి. మూడు, ఇక్కడ టైపు చేసింది అక్కడి ప్రింటరులో రావాలి. ఈ మూడూ అయితే అక్కకు రెండు కుర్చీలు ఉన్నట్టు. కాకపోతే బావ మాటే నెగ్గుతుంది.

మొదటిది గంటలో అయింది. రెండు మిషన్లకూ ఒకే వరుసలో నెంబర్లు ఇస్తే చాలు, ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు నెంబర్లు వేసినట్టు. రెండోదానికి ఒక ప్రత్యేకమైన ప్రోగ్రాం కావాలి. విండోస్ మాట్లాడే మాటలనే లినక్స్ చేత మాట్లాడించే ప్రోగ్రాం అది. దాని సెట్టింగుల కాగితాలు ముందేసుకుని కూర్చుంటే అమ్మ వచ్చి అడిగింది.

"ఏందిరా అది, పొద్దన్నుంచీ అదే చూస్తుండావు?"

"సాంబా అని ఒక ప్రోగ్రాంమా. అది కుదిరితే రెండూ కలుస్తాయి."

"సంబానా? మా నాయన కయ్యల్లో ఏసే వరి అదే. ఆర్నెల్ల పంట." గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది. "నీది ఎన్నాళ్లకు కోతకొస్తాదో."

రెండు రోజులకు కోతకొచ్చింది. ఆ పాత మిషను తెర మీద కొత్త మిషను ఫోల్డరు తెరుచుకుని, అందులో అక్క పత్రికలన్నీ వరుసగా కనిపించాయి. అక్కను పిలిచాను. ఆమె ఒక పత్రిక తెరిచింది. తమిళం ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ కామాలూ బ్రాకెట్లూ కలగాపులగంగా వచ్చాయి.

"ఇదేంది, ఎవడో కీబోర్డు మీద కూచున్నట్టుండాది" అంది అక్క.

"ఫాంటు లేదంతే. పది నిమిషాలు పోయి కాఫీ తాగిరా."

అక్క వాడే తమిళ ఫాంటును కాపీ చేసి లినక్స్‌లో దాని చోట పెట్టాను. ఆమె కాఫీ తాగి వచ్చేలోగా అక్షరాలు కుదురుకున్నాయి. పాత టైపు మిషన్ల మీద నేర్చిన వేళ్లు ఆమెవి. కళ్లు తెర మీద పెట్టి ఒక వాక్యం టైపు చేసింది. కుర్చీ ఎత్తు సరిచేసుకుంది. పని ఒప్పుకున్నదని నాకు అర్థమైంది. ప్రింటరు సంగతి ఆ సాయంత్రమే తేలిపోయింది.

అంతటితో ఆగితే సరిపోయేది, కానీ నాకు మరొకటి తోచింది. ఏ మిషను చెడిపోయినా పని పోకూడదు కదా. అందుకని పత్రికలన్నీ రెండు చోట్లా ఉండేటట్టు ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. పావుగంటకొకసారి అది రెండు ఫోల్డర్లనూ పోల్చి చూస్తుంది. ఒకే పత్రిక రెండు చోట్లా తేడాగా ఉంటే, ఏది తర్వాత సేవ్ చేసిందో చూసి దాన్ని పాతదాని మీద కాపీ చేస్తుంది. కొత్తది ఉంటుంది, పాతది పోతుంది. ఇంతకంటే న్యాయమైన నియమం నాకు తోచలేదు. ఇప్పటికీ తోచదు.

ఇక ఆ శనివారం. కాలేజీ సెలవు. నాయనకు రెండో షిఫ్టు, అందుకని ఉదయం ఇంట్లోనే ఉన్నాడు. మా వీధి చివరి బట్టల మిల్లులో ముప్పై ఏళ్లుగా నేత పని ఆయనది. గోరిమేడు ఆవిడా మావాళ్ల మనిషే, తరాల కిందట ఈ తమిళ ఊరికి వచ్చి స్థిరపడిన తెలుగు ఇంటిది. కొడుక్కి చెవులు కుట్టే పండగ. పత్రిక రాయమని వారం మొదట్లోనే ఇచ్చింది. ఆ రోజు మండపం పేరు మారిందని చెప్పడానికి వచ్చింది. అక్క విండోస్ మిషను మీద పత్రిక తెరిచి, మండపం పేరు మార్చి సేవ్ చేసి, ఒక ట్యూషన్ సెంటరు నోట్సు ప్రింటుకు పెట్టింది. అప్పుడావిడ కొంగు అంచు మడుస్తూ అసలు సంగతి చెప్పింది.

"పాపా, మేనమామల వరుసలో ఇంకో పేరు ఎక్కించాల. మొదట. ఇద్దరికీ పైన."

"ఎవరక్కా?"

"మా పెద్దన్న."

అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. మా వాళ్లలో ఆ కథ అందరికీ తెలుసు. ఆవిడ పెళ్లి పత్రికలో ఎవరి పొరపాటో, చిన్నన్న పేరు పైనా పెద్దన్న పేరు కిందా పడింది. పెద్దన్న ఆ పత్రిక చదివి బల్ల మీద పెట్టి, పెళ్లికి రాలేదు. ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు. మావాళ్లలో పిల్లాణ్ణి మేనమామ ఒళ్లో కూచోబెట్టి చెవులు కుట్టిస్తారు. పత్రికలో మొదటి పేరు ఎవరిదైతే వాళ్ల ఒడే. అందుకే మేనమామల వరుసను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోకుండా ఎవరూ రాయరు.

"రాత్రి ఫోన్ చేసినాడు" అంది ఆవిడ. "ఎవరు చెప్పినారో ఏమో. 'పిల్లోడికి చెవులు కుట్టిస్తుండారంట గదా' అన్నాడు. అంతే. ఇంకేం అనలా. నేనే చెప్పినా, నీ ఒళ్లోనే అన్నా అని. సరే అన్నాడు."

"సరే అన్నాడా? మీ పెద్దన్నా?" అంది అమ్మ.

"ఆమా పెద్దమ్మా, సరే అన్నాడు."

విండోస్ మిషను నోట్సు ప్రింటులో మునిగి ఉంది. అక్క లినక్స్ మిషను ముందుకు జరిగి, అందులో ఉన్న పత్రిక కాపీ తెరిచి, మేనమామల వరుసలో అన్నిటికీ పైన ఆ పేరు టైపు చేసింది. ఆవిడ దగ్గరికి వంగి చదివి తలూపింది. అక్క సేవ్ చేసి పత్రిక మూసేసింది. కరెంటును నమ్మని మనిషి, ఏదీ తెరిచి ఉంచదు. ఈలోగా కాఫీలు వచ్చాయి. నోట్సు ప్రింటయ్యాక, అక్క పత్రికను ప్రింటుకు పెట్టి, వచ్చిన కాగితం ఆవిడ చేతికిచ్చింది.

ఆవిడ చదివింది. మళ్లీ చదివింది. "పాపా, అన్న పేరు యాడ?"

లేదు. మండపం పేరు కొత్తదే ఉంది. మేనమామలు మాత్రం ఇద్దరే.

"సేవ్ చెయ్యడం మరిచినట్టుండావు" అన్నాను.

"నీ ఎదురుగానే గదరా చేసినా! కళ్లు యాడ పెట్టుకోనుండావు?"

నిజమే, నేను చూశాను. అక్క ఆ లినక్స్ మిషను మీదే మళ్లీ టైపు చేసింది. ఈసారి ఆవిడకే ఒక అనుమానం వచ్చింది. అన్న పేరు ముందు ఒక ఇనిషియల్ వేయాలా, ఊరిదీ నాయనదీ కలిపి రెండు వేయాలా? ఇంకోసారి ఆయన నొచ్చుకోకూడదు. అక్క ఉన్నది ఉన్నట్టు సేవ్ చేసి మూసింది. ఆవిడ వీధి మొదట్లో ఉన్న ఫోన్ బూత్‌కి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నవ్వినాడు! 'ఒకటి చాల్లేమ్మా, నేనేమన్నా కలెక్టరునా' అన్నాడు."

అక్క పత్రిక తెరిచింది. పేరు లేదు.

ఆవిడ మొహంలో వెలుగు ఆరిపోవడం నాకు కనిపించింది. కవరులోంచి పిల్లాడి ఫోటో బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టింది.

"వదిలెయ్ పాపా."

"ఏం వదిలేది అక్కా? మళ్లీ కొడతా, రెండు నిమిషాలు."

"వద్దు. రెండు తూర్లు పోయినాది. పెళ్లప్పుడూ పత్రికలోనే చెడింది. ఇప్పుడూ పత్రికలోనే. దేవుడికి ఇష్టం లేనట్టుండాది. ఉన్నోళ్లిద్దరి పేర్లతోనే అచ్చెయ్. అన్నకు నేనేదో ఒకటి చెప్పుకుంటా."

"శకునమైతే మాత్రం ఎట్ల..." అని అమ్మ మొదలుపెట్టి, ముగించలేక ఆపేసింది. ఆ మాటకు ఆమె మనసులోనూ చోటుందని తెలుస్తూనే ఉంది.

పేరు మళ్లీ టైపు చేసి ఆ క్షణమే ప్రింటు తీస్తే కాగితం మీద నిలిచేది. అది నాకు తెలుసు. కానీ అలా తీసిన కాగితాన్ని ఆవిడ తీసుకోదు. ఎందుకు పోయిందో చెప్పాలి. అదీ ఇప్పుడే. ఆవిడ లేచి చెప్పులు తొడుక్కుంటే, పెద్దన్న పేరు లేని పత్రిక అచ్చవుతుంది.

"కూచోండక్కా, ఐదు నిమిషాలు. ఇది దేవుడి పని కాదు. మిషను తనంతట తాను ఏదీ చెయ్యదు" అన్నాను. ఆ మాట మీద నాకు గట్టి నమ్మకం ఉండేది.

నాలుగు అవకాశాలు. అక్క సేవ్ చేయకపోవడం: చేసింది, చూశాను. కేబులు వదులై ఉండటం: స్విచ్చు పెట్టెలో రెండు కంప్యూటర్ల దీపాలూ వెలుగుతున్నాయి, పైగా మండపం పేరు ఇటు రానే వచ్చింది. వైరస్సు: లినక్స్ మీద ఆ జాతివి బతకవు. ఇక మిగిలింది నా ప్రోగ్రాం. అది చేసేది ఒక్కటే, కొత్తదాన్ని పాతదాని మీద కాపీ చేయడం. అంటే అక్క ఇప్పుడే సేవ్ చేసినదాన్ని అది పాతదనుకుంటోంది. ఎందుకు?

అప్పుడు మిల్లు సైరను మోగింది. మధ్యాహ్నం పన్నెండు.

సైరను మోగితే మా ఇంట్లో అందరూ గోడ గడియారం వైపు చూస్తారు. ఆ రోజూ చూశాం, నాయన, అమ్మ, అక్క, నేను. గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. అందులో వింతేమీ లేదు. పెళ్లికి ముందు ఒకసారి సైరను దాటిపోయి, గేటు మూసేసి, నాయన షిఫ్టు పోగొట్టుకున్నాడట. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రతి గడియారం అరగంట ముందు నడుస్తుంది. మా వీధిలో సగం ఇళ్లలో ఇదే పద్ధతి. అందుకే మమ్మల్ని ఎవరైనా టైము అడిగితే "మిల్లు టైమా, మన టైమా?" అని ఎదురడుగుతాం. ముళ్లు పన్నెండున్నర దగ్గరుంటే మా కళ్లు పన్నెండనే చదువుతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. తీసివేస్తున్నామని కూడా తెలియదు.

విండోస్ మిషను తెర మూలన ఉన్న టైము చూశాను. వారమంతా ఎన్నోసార్లు చూసిన మూల అది. పన్నెండున్నర. మొదటిసారి అరగంట తీసేయకుండా చదివాను.

లినక్స్ తెర మూల చూశాను. పన్నెండు. అది టైమును నెట్ నుంచి తెచ్చుకుంటుంది. దానికి మా నాయన తెలియదు.

"నాయనా, ఈ కంప్యూటరు గడియారం ఎవరు మార్చినారు?"

"నేనే" అన్నాడు నాయన దర్జాగా. "కొన్న రోజే మార్చినా. ఆ మూలన రెండు తూర్లు నొక్కితే వస్తాది. ఏం, నీకొక్కడికే వస్తాదా కంప్యూటరు?"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గోరిమేడు ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ తెచ్చిన కవరు వెనకాలే రాసి చూపించాను. మండపం పేరు మార్చినప్పుడు అసలు టైము పదకొండూ ఐదు. నాయన గడియారం దాని మీద పదకొండు ముప్పై అయిదని ముద్ర వేసింది. పెద్దన్న పేరు ఎక్కించింది ఆ తర్వాతే, పదకొండూ ఇరవైకి. లినక్స్ మిషను నిజాయితీగా పదకొండూ ఇరవై అనే రాసింది. పావుగంటకు నా ప్రోగ్రాం వచ్చి రెండు ముద్రలూ చూసింది. ముప్పై అయిదుది కొత్తది, ఇరవైది పాతది. పెద్దన్న పేరు ఉన్నదాన్ని తీసేసి, లేనిదాన్ని పెట్టింది. రెండోసారి పదకొండూ ముప్పై మూడుకు సేవ్ చేశాం. రెండు నిమిషాల తేడాలో మళ్లీ పోయింది.

ఆవిడ అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది. "అట్లయితే దీన్ని తీసేసింది..."

"దేవుడు కాదమ్మా" అన్నాడు నాయన. "నేను."

ముందు నవ్వింది అమ్మ. తర్వాత అక్క. ఆవిడ నవ్వలేదు. నాయన వైపు చూసి, గడియారం వైపు చూసి, "మీ అరగంట నా అన్నను మింగేసేది గదా పెద్దనాయనా!" అంది. అప్పుడు నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

విండోస్ గడియారం మీద చెయ్యి వేయబోతే నాయన అడ్డుపడ్డాడు.

"వెనక్కి తిప్పితే ఎట్లరా? రేపు దీన్ని చూసి బయల్దేరితే నా షిఫ్టు ఏమయ్యేది?"

"కంప్యూటరు చూసి మిల్లుకు ఎప్పుడు పోయినావు నాయనా?"

గోడ గడియారం వైపు చూశాడు. "సరే. ఆ రెండూ నీయి. గోడది మాత్రం ముట్టద్దు."

కంప్యూటరును మిల్లు టైముకు తెచ్చాను. దాన్ని కూడా నెట్ నుంచే టైము తెచ్చుకునేటట్టు పెట్టాను, ఎవరు రెండు తూర్లు నొక్కినా మళ్లీ దారికొచ్చేటట్టు. తర్వాత అక్కను లేవమని, లినక్స్ మిషను ముందు ఆవిడను కూచోబెట్టాను. తమిళ టైపు ఆవిడకు రాదు. ఏ అక్షరం ఎక్కడుందో అక్క వేలితో చూపిస్తుంటే, ఆవిడ ఒక్కో అక్షరమే నొక్కింది. ముందు ఇనిషియల్. ఒకటే. తర్వాత పేరు. సేవ్ చేయించి, మూయించాను.

"ఇప్పుడు పావుగంట ఊరికే కూచుందాం" అన్నాను.

ఐదుగురం రెండు తెరల ముందు కూచున్నాం. నాయన షిఫ్టుకు డబ్బా కట్టాల్సిన అమ్మ కూడా కదల్లేదు. పన్నెండున్నర దాటింది, మిల్లు టైము. ఆవిడే పత్రిక తెరిచింది, మొదట లినక్స్‌లో, తర్వాత విండోస్‌లో. రెండు చోట్లా పెద్దన్న ఉన్నాడు, తమ్ముళ్లిద్దరికీ పైన. చెయ్యి చాచి ప్రింటరు మూత మీద పెట్టింది. కాగితం బయటికి వచ్చేదాకా తీయలేదు.

పత్రికలు అచ్చయ్యాక ఆవిడ వాటిని తీసుకెళ్లడానికి అన్నతో కలిసి స్కూటరు మీద వచ్చింది. నల్లగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి ఒక పత్రిక తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మేనమామల వరుస దగ్గర ఆగాడో లేదో నాకు తెలియదు. చదివాక దాన్ని మడవకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సగం పైకి కనిపిస్తూనే ఉంది.

"టైమెంత పెద్దాయనా?" అన్నాడు వెళ్లబోతూ.

"మిల్లు టైమా, మన టైమా?" అన్నాడు నాయన.

ఆ మాట అర్థం కాక ఆయన చెల్లెలి వైపు చూశాడు. "బండెక్కు, దారిలో చెప్తా" అందామె.

రెండో కంప్యూటరు పాత ఇనప సామాన్లకు పోలేదు. అక్క ఇంకో అమ్మాయిని పనిలో పెట్టుకుంది. బావ ఆ అమ్మాయి కోసం ఇంట్లోంచి ఒక కుర్చీ తెచ్చి వేసి వెళ్లిపోయాడు. ఆ పత్రిక ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. పసుపు రంగు కాగితం, మూలన పిల్లాడి ఫోటో, కింద మండపం పేరు, టైము. మేనమామలు: ముగ్గురు.